నాలుగు విత్తనాల ఆట వెంట క్యోటోకు, ఉజికి

మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు రెండేళ్ళుగా ఒక కేకు చుట్టూ తిరుగుతున్నాయి. మారియో పార్టీ సూపర్‌స్టార్స్ అనే వీడియో ఆటలో 'పీచెస్ బర్త్‌డే కేక్' అనే పటం ఒకటి ఉంది. నలుగురు ఆటగాళ్ళు ఒకటి నుంచి పది వరకు అంకెలు పడే పాచిక వేసుకుంటూ, క్రీమూ స్ట్రాబెర్రీలూ అలంకరించిన కేకు మీద గడి గడీ నడుస్తారు. 20 నాణేలు చెల్లిస్తే ఒక నక్షత్రం దక్కుతుంది, ఆఖరున ఎవరి దగ్గర నక్షత్రాలు ఎక్కువగా ఉంటే వారిది గెలుపు. మిగిలిన పటాలలో చాలావాటిలో నక్షత్రం చోటు మారుతూ ఉంటుంది, అయినా దారి లెక్క వేసుకోవచ్చు. ఇక్కడ నక్షత్రం ఉన్నచోటే ఉంటుంది, కానీ దాని దగ్గరకు వెళ్ళే దారి మన చేతిలో లేదు. దారి చీలే చోట గూంబా అనే జీవి పూల లాటరీ నడుపుతుంది. దానికి 10 నాణేలు ఇచ్చి నాలుగు విత్తనాలలో ఒకటి ఎంచుకోవాలి. మంచి పువ్వు పూస్తే నక్షత్రం వైపు నడుస్తాం, బౌజర్ ముఖం పూస్తే ఆ రాక్షసుడి దగ్గరకు పోయి నాణేలు సమర్పించుకుంటాం. పైగా కొన్ని గడులలో 30 నాణేలకు పిరానా మొక్క నాటుకోవచ్చు. ఆ తరువాత పాపం ఎవరు ఆ గడిలో ఆగినా వారి నక్షత్రం నాటినవారికి చేరుతుంది.

బొత్తాలు వేగంగా నొక్కవలసిన చిన్న ఆటలలో డెబ్భై రెండేళ్ళ మా నాన్నగారు పదేళ్ళ మా అబ్బాయికి ఏనాడూ సాటిరారు. విత్తనం ఎంచుకునే చోట మాత్రం ఇద్దరూ సమానులే. "ఇది మన వైకుంఠపాళే కదమ్మా, నిచ్చెన ఎక్కబోయే ముందు పాముకు టికెట్టు పెట్టారు, అంతే తేడా" అని ఆయన మొదటి రోజే అన్నారు. ఆ పటాన్ని నేను ఇష్టపడడానికి కారణం అదే. నైపుణ్యం ఉన్నవాళ్ళు మాత్రమే గెలిచే ఆట ఇంట్లో నలుగురినీ ఎక్కువ రోజులు కూర్చోబెట్టలేదు. 1998లో నింటెండో 64 అనే ఆట యంత్రం కోసం వచ్చిన తొలి మారియో పార్టీలోనే ఈ కేకు ఉంది. దాన్ని తయారుచేసిన హడ్సన్ సాఫ్ట్ సపోరో నగరపు సంస్థ. అయితే ఈ ఆటలకు పుట్టినిల్లు మాత్రం నింటెండో సంస్థ ఊరైన జపాను నగరం క్యోటో కనుక, 2025 దసరా సెలవులకు అక్కడికే వెళదామని మా అబ్బాయి పట్టుబట్టాడు.

ఆ ప్రయాణంలో మొదటి విత్తనం జూన్‌లోనే ఎంచుకోవలసి వచ్చింది. క్యోటోకు దక్షిణాన ఉజి పట్టణంలో, 2024 అక్టోబరు 2న తెరిచిన నింటెండో మ్యూజియంలోకి అక్కడికక్కడ టికెట్టు కొనుక్కుని వెళ్ళడం కుదరదు. మూడు నెలల ముందు, మనకు వీలైన తేదీలూ వేళలూ ఇచ్చి దరఖాస్తు పెడితే, లాటరీలో పేరు వచ్చినవారికి టికెట్టు ఇస్తారు. మూడు ఎంపికలకు అవకాశం ఇస్తారు. మాకు మూడోది దక్కింది. పెద్దలకు 3,300 యెన్లు, ప్రాథమిక పాఠశాల పిల్లలకు 1,100 యెన్లు, మా నలుగురికీ కలిపి 11,000 యెన్లు, అంటే మన లెక్కలో ఆరున్నర వేల రూపాయల పైచిలుకు. విమానం టికెట్లు కొనకముందే ఈ లాటరీ ఫలితం తెలుసుకోవడం మంచిదని, ఆ తరువాతే మిగతా రోజులు అమర్చుకోవాలని నా గట్టి సలహా. మంగళవారం మ్యూజియం మూసి ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

బస విషయంలో మాకు మంచీ చెడూ రెండూ ఎదురయ్యాయి. క్యోటోలో మొదటి రెండు రాత్రులకు మాచియా అనే పాతకాలపు చెక్క ఇల్లు తీసుకున్నాం. ఫొటోలలో కనిపించినట్లే లోపల శుభ్రంగా, చాపల వాసనతో, చిన్న పెరటితో హాయిగా ఉంది. కానీ అక్కడ మనిషి ఎవరూ ఉండరు. తలుపు తాళపు అంకెలు మధ్యాహ్నం మూడింటికి ఫోనుకు పంపుతామన్నారు. అవి వచ్చేసరికి ఆరున్నర దాటింది. ఆ మూడున్నర గంటలూ వాన తుంపరలో, నాలుగు పెట్టెలతో, ఎదురుగా ఉన్న దుకాణపు చూరు కింద నిలబడ్డాం. పైగా పడకగది మేడ మీద ఉంది, మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉన్నాయి. నాన్నగారు రెండు రాత్రులూ కింద గదిలో పరుపు పరచుకుని పడుకున్నారు. వయసు మళ్ళినవారితో వెళ్ళేవారు బుక్ చేసుకునే ముందు మెట్ల ఫొటో అడిగి తెప్పించుకోవాలి. తరువాతి మూడు రాత్రులు క్యోటో స్టేషనుకు దక్షిణపు వైపున ఒక మామూలు హోటల్లో ఉన్నాం. గదులు ఇరుకే, కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ తప్ప మరేమీ కనిపించదు. అయినా లిఫ్టు ఉంది, రాత్రి పదకొండుకు కూడా పలకరించే మనిషి ఉన్నాడు, స్టేషను నాలుగు నిమిషాల నడక. టికెట్టు అదృష్టం మీద ఆధారపడితే సంతోషంగా ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆ సంగతి ముందే చెప్పారు. పడుకునే చోటు అదృష్టం మీద ఆధారపడడం మాత్రం నాకు నచ్చలేదు.

మ్యూజియానికి వెళ్ళడానికి రెండు దారులున్నాయి. కింతెత్సు రైలులో ఓగురా స్టేషను దగ్గర దిగితే ఐదు నిమిషాల నడక. జేఆర్ అనే మరో రైలు సంస్థ నారా లైనులో జేఆర్ ఓగురా దగ్గర దిగితే ఇంకొంచెం ఎక్కువ. మేము రెండోదే ఎంచుకున్నాం, ఎందుకంటే ఫుషిమి ఇనారి ఆలయం, ఉజి, ఈ మ్యూజియం మూడూ అదే లైను మీద ఉన్నాయి. ఒక జాగ్రత్త అవసరం: వేగంగా పోయే రైళ్ళు ఇనారిలోనూ జేఆర్ ఓగురాలోనూ ఆగవు, అన్ని స్టేషన్లలో ఆగే రైలే ఎక్కాలి. రైలు చార్జీలు చెల్లించే ఐకోకా కార్డు పిల్లలకు విడిగా తీసుకుంటే వారికి సగం చార్జీయే పడుతుంది.

ఈ మ్యూజియం కొత్తగా కట్టింది కాదు. 1969లో కట్టిన ఉజి ఓగురా కర్మాగారాన్నే మలిచారు. పేకముక్కలు, హనాఫుడా అనే పూల బొమ్మల ముక్కలు తయారైన చోటు అది. 1889లో ఫుసాజిరో యమౌచి ఈ సంస్థను ప్రారంభించింది హనాఫుడా ముక్కలు చేయడానికే. నెలకు నాలుగు చొప్పున పన్నెండు నెలలకు 48 ముక్కలు ఉంటాయి. జనవరికి పైన్ చెట్టు, మార్చికి చెర్రీ పూలు, అక్టోబరుకు మేపుల్ ఆకులు, ఇలా ప్రతి నెలకూ ఒక మొక్కో పువ్వో ఉంటుంది. అంటే ఈ సంస్థ నూట ముప్ఫై ఏళ్ళకు పైగా ఏదో ఒక రూపంలో మన చేతిలో పడే ముక్కనే అమ్ముతోంది. మా కేకు మీది పూల లాటరీని నేను చిన్నపిల్లల చమత్కారం అనుకునేదాన్ని. ఆ అద్దాల పెట్టెల ముందు నిలబడ్డాక, విత్తనం నాటితే ఏ పువ్వు వస్తుందో అని ఎదురుచూడడానికీ, బోర్లా పెట్టిన ముక్క తిప్పితే ఏ నెల పువ్వు వస్తుందో అని ఎదురుచూడడానికీ చుట్టరికం ఉందనిపించింది. ఇది నా ఊహ మాత్రమే, అక్కడ ఎవరూ చెప్పిన మాట కాదు.

పై అంతస్తులో పాత ఆట వస్తువులు, కన్సోళ్ళు, వాటి ఆటల పెట్టెలు వరుసగా ఉంటాయి. అక్కడ ఫొటోలు తీయనివ్వరు. ఈ నియమం నాకు బాగా నచ్చింది, చుట్టూ ఉన్నవారంతా ఫోన్లు జేబులో పెట్టుకుని నిజంగా చూస్తున్నారు. వివరణలు మాత్రం చాలా తక్కువ. చదివి తెలుసుకుందామని వెళ్ళేవారికి కొంత నిరాశ తప్పదు, గుర్తున్న వస్తువును గుర్తుపట్టి పొంగిపోయేవారికి మాత్రం ఆ గది పండుగే. కింది అంతస్తులోనే అసలు సందడి ఉంది. ప్రవేశపు కార్డులో ఒక్కొక్కరికి సరిగ్గా 10 నాణేలు వేసి ఇస్తారు. ఆ అంకె చూడగానే మా అబ్బాయి "తాతయ్యా, గూంబాకు ఇచ్చేదీ పదే!" అని అరిచాడు. మళ్ళీ నింపుకోవడం కుదరదు, అన్నీ ఆడడానికి పది చాలవు, కనుక ఎంచుకోవాలి. తెర మీద గురిచూసి కొట్టే పెద్ద ఆటకు 4 నాణేలు పోతాయి, సాగే చేతితో బంతులు పట్టే ఆటకు ఒకటి చాలు. ఇద్దరు కలిసి పట్టుకుని ఆడే మహా కంట్రోలరు దగ్గర నాన్నగారూ మనవడూ ఒకరు నడక, ఒకరు దూకుడు పంచుకున్నారు. ఆయన ఎప్పుడు దూకాలో వాడు చెబుతుంటే వెనక వరుసలో ఉన్న జపాను దంపతులు కూడా చప్పట్లు కొట్టారు. డబ్బు పెట్టి అదనపు నాణేలు కొనుక్కునే వీలు లేకపోవడం వల్ల అక్కడ ధనిక బిడ్డ, మామూలు బిడ్డ అన్న తేడా లేదు. అంత పేరున్న సంస్థ ఆ ఆశకు లొంగకపోవడం గొప్ప విషయం.

హనాఫుడా ఆడడం నేర్పే గది విడిగా ఉంది, రుసుము 500 యెన్లు. ఆట తెలియనివారికి ఏ ముక్క దేనితో జతకడుతుందో పై నుంచి పడే వెలుగు చూపిస్తుంది. నాన్నగారికి మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చింది ఆ గదే. పక్కనే ఉన్న బర్గర్ హోటల్లో వరుస చాలా పొడవుగా ఉంది. ఆకలితో ఉన్న శాకాహారులకు నేను దాన్ని సిఫారసు చేయను. మేము స్టేషను దగ్గర దుకాణంలో ఉమెబోషి అనే ఉప్పు పండు పెట్టిన అన్నపు ముద్దలు కొనుక్కుని, హైదరాబాదు నుంచి తెచ్చుకున్న కందిపొడితో తిన్నాం. జపానులో కూరగాయల పులుసులోనూ చేపల రసం ఉండవచ్చు కనుక, ఇటువంటి పొడులు రెండు రకాలు వెంట ఉంటే నిశ్చింత.

ఫుషిమి ఇనారికి మరునాడు పొద్దున్నే ఆరున్నరకు వెళ్ళాం. ప్రవేశ రుసుము లేదు, రాత్రీపగలూ తెరిచే ఉంటుంది. తొమ్మిది దాటితే ఆ ఎర్రని తోరణాల కింద నడవడానికి చోటు ఉండదు. తోరణాల జంట దారి దాటాక, వెనక గుడి దగ్గర రెండు రాతి దీపస్తంభాలున్నాయి. మనసులో కోరుకుని స్తంభం మీది గుండ్రాయిని ఎత్తాలి. అనుకున్నదానికన్నా తేలికగా ఉంటే కోరిక తీరుతుందని నమ్మకం. నాన్నగారికి బరువుగానే అనిపించింది, మా అబ్బాయికి తేలికగా అనిపించింది. వాడు వెంటనే "నాది కూడా నీకే తాతయ్యా" అన్నాడు. ఆలయంలో పెట్టె ఊపితే అంకె ఉన్న పుల్ల బయటపడుతుంది, ఆ అంకెకు తగిన జాతకపు చీటీ ఇస్తారు. చెడు వచ్చినవారు చీటీని అక్కడే కట్టి వెళ్ళిపోతారు. చెడ్డ చీటీని ఇంటికి మోయనక్కరలేదన్న ఆ ఏర్పాటులో ఎంతో దయ ఉంది.

1930లో కట్టిన నింటెండో పాత ప్రధాన కార్యాలయం 2022 ఏప్రిల్ నుంచి మారుఫుకురో అనే హోటలుగా నడుస్తోంది. 18 గదులే ఉన్నాయి, వాటి ధర మా అందుబాటులో లేదు. సాయంత్రం వీధిలో నిలబడి, ద్వారం దగ్గర భద్రంగా ఉంచిన పాత పేకముక్కల కంపెనీ పలకలను చూసి వచ్చాం. వలయంలో 'ఫుకు', అంటే భాగ్యం అనే అక్షరం ఆ సంస్థ పాత గుర్తు. నింటెండో అన్న పేరుకే 'అదృష్టాన్ని ఆకాశానికి వదిలేయడం' అని చాలామంది అర్థం చెబుతారు. పది నిమిషాల పని. కామో నది ఒడ్డున నడవడానికి వెళ్ళేవారు దారిలో చూసుకోవచ్చు.

ఒసాకాలో యూనివర్సల్ స్టూడియోస్‌లోని సూపర్ నింటెండో వరల్డ్ గురించి క్లుప్తంగానే చెబుతాను. 2021 మార్చిలో తెరిచిన ఆ ప్రాంగణం కంటికి అద్భుతమే. కానీ లోపలికి వెళ్ళడానికి పార్కు టికెట్టు కాక వేళ రాసి ఉన్న ప్రవేశపత్రం యాప్‌లో తీసుకోవాలి, రద్దీ రోజుల్లో అవి అయిపోతే అక్కడా లాటరీయే. పైగా ఒసాకాలో ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన జరుగుతున్న రోజులు కావడంతో గదుల ధరలు మండిపోయాయి. చేతికి కట్టుకునే పట్టీ కొంటేనే నాణేలు పోగవుతాయి. మ్యూజియంలో అందరికీ సమానంగా పది నాణేలు పట్టుకుని ఆడి వచ్చిన మాకు ఆ తేడా కొట్టొచ్చినట్లు కనిపించింది. రైడ్ వరుసలో గంటన్నర నిలబడ్డాక నాన్నగారి మోకాళ్ళు వాచాయి. కుర్రాళ్ళతో వెళ్ళేవారికి తప్పకుండా చెబుతాను, పెద్దలతో వెళ్ళేవారికి చెప్పను.

మళ్ళీ వెళితే ఆ ఒసాకా రోజును ఉజికి ఇస్తాను. టీ దుకాణాల వీధి, నది వంతెన, 1053లో కట్టిన బ్యోదోయిన్ ఫీనిక్స్ మందిరం, వీటికి మేము కేటాయించిన రెండు గంటలు ఏ మూలకూ చాలలేదు. మందిరం లోపలికి విడిగా 300 యెన్ల టికెట్టు ఉంది, విడతలవారీగా పంపుతారు కనుక వెళ్ళగానే ముందు అది తీసుకోవాలి. జపాను 10 యెన్ల నాణెం మీద ఉండే కట్టడం అదే. చెరువు గట్టున కూర్చుని నాన్నగారు జేబులోంచి నాణెం తీసి, ఎదురుగా ఉన్న మందిరంతో పోల్చి చూసి, మనవడి అరచేతిలో పెట్టారు. "ఇదిగో, మీ గూంబాకు నా వంతు" అన్నారు. వాడు దాన్ని ఖర్చు పెట్టలేదు. ఇప్పుడది మా టీవీ కింద, కంట్రోలర్ల పక్కన ఉంది.