కాలేజీ టెన్నిసా, నేరుగా ప్రో టూరా?

జూనియర్స్‌లో మెరిసిన ప్లేయర్‌కి పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఈ ప్రశ్న ఎదురవుతుంది: అమెరికా కాలేజీలో చదువుతూ దాని టీమ్‌కి ఆడాలా, లేక ప్రొఫెషనల్ టోర్నీలు ఆడుతూ తిరిగే టూర్‌కే వెళ్లాలా?

ఖర్చు: టూర్‌లో అబ్బాయిలకు మొదటి మెట్టు ఎం15 టోర్నీలు. మొత్తం ప్రైజ్‌మనీయే 15,000 డాలర్లు. తొలి రౌండ్‌లో ఓడితే వచ్చేది హోటల్ బిల్లుకే చాలదు. అమెరికా కాలేజీలో స్కాలర్‌షిప్ దొరికితే కోచ్, ఫిజియో, ప్రయాణాలు టీమే చూసుకుంటుంది.

శ్రమ: టూర్‌లో ఒంటరితనం ఎక్కువ. ఓడిన సాయంత్రమే బట్టలు ఉతుక్కుని, తర్వాతి ఊరికి టికెట్ వెతుక్కోవాలి. కాలేజీలో తోటివాళ్లు పక్క కోర్టు నుంచి అరుస్తూ ఉత్సాహపరుస్తారు, కానీ పరీక్షల టెన్షన్ అదనం.

రిస్క్: టూర్‌లో పెద్ద గాయమైతే చేతిలో డిగ్రీ ఉండదు. కాలేజీకెళ్తే ర్యాంకు ఆలస్యం. మరీ అంత ఆలస్యమూ కాదనుకోండి: ఫ్లోరిడా యూనివర్సిటీకి ఆడిన బెన్ షెల్టన్ 2022లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీల జాతీయ పోటీ) సింగిల్స్ గెలిచి, 2023లో యూఎస్ ఓపెన్ సెమీస్‌కి చేరాడు. జాన్ ఇస్నర్ నాలుగేళ్లూ జార్జియా యూనివర్సిటీకి ఆడాకే ప్రో అయ్యాడు, టాప్ 10లోకీ వెళ్లాడు.

స్పెయిన్ ప్లేయర్ అల్కరాజ్ 2022లో 19 ఏళ్లకే ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు, నిజమే. ఆయన్ని కొలబద్దగా పెట్టుకుంటే మాత్రం కష్టం.

పద్దెనిమిదికే ప్రపంచ ర్యాంకుల్లో టాప్ 250 దగ్గర్లో ఉండి, స్పాన్సర్ కూడా ఉంటే టూర్. ఇంకా ఎం15ల్లోనే కిందామీదా పడుతుంటే కాలేజీ.