యెస్ సభ్యుల సోలో ఆల్బమ్‌లు, లైవ్ రికార్డులు: ఏళ్ల తరబడి విన్నాక

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ యెస్ 1974లో 'రిలేయర్' విడుదల చేశాక, అప్పటి సభ్యులు ఐదుగురూ తలో సోలో ఆల్బమ్ చేశారు. 1975, 76ల్లో అవి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏళ్లుగా వింటున్నా నాకు పాతబడనివి రెండే.

మొదటిది బేస్ వాయించే క్రిస్ స్క్వైర్ చేసిన 'ఫిష్ ఔట్ ఆఫ్ వాటర్'. మామూలుగా బేస్ గిటార్ వెనక ఉండి ఊతమిస్తుంది. స్క్వైర్ చేతిలో అదే పాటను ముందుండి లాక్కుపోతుంది. తొలి పాటలో లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్ పైప్ ఆర్గన్ మోగుతుంటే, దాని కింద బేస్ గరగరలాడుతూ పరుగెడుతుంది. డ్రమ్స్ మీద యెస్ పాత డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్. ఆర్కెస్ట్రా పని స్క్వైర్ పాత స్నేహితుడు ఆండ్రూ ప్రైస్ జాక్‌మన్‌ది. చివరి పాట 'సేఫ్' దాదాపు పావుగంట సాగుతుంది. ఒకే చిన్న స్వరమాల తిరిగి తిరిగి వస్తూ పెద్దదవుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాల్సిన పాట. ఇంకో సంగతి కూడా ఈ ఆల్బమ్‌లోనే తెలిసింది: యెస్ గొంతు అని మనం అనుకునేదాంట్లో సగం స్క్వైర్‌దే. ప్రధాన గాయకుడు జాన్ ఆండర్సన్ పక్కన రెండో గొంతుగా ఉండటం వల్ల విడిగా చెవికి ఆనదు, అంతే.

రెండోది ఆండర్సన్ 'ఒలియాస్ ఆఫ్ సన్‌హిల్లో'. వాయిద్యాలన్నీ తనే వాయించి, గొంతు మీద గొంతు పేర్చుకున్నాడు. కొత్త లోకం వెతుక్కుంటూ ఓడలో వెళ్లే జనం కథ. అందంగా ఉంటుంది గానీ నేల మీద కాలు ఆనదు. ఆండర్సన్ ఊహలకు స్క్వైర్ బేస్ ఎంత బరువు ఇచ్చేదో ఇది విన్నాకే అర్థమవుతుంది. పని చేసుకుంటూ వింటే మాత్రం ఏమీ ఎక్కదు.

గిటారిస్ట్ స్టీవ్ హౌ 'బిగినింగ్స్'లో గిటార్‌కు వంక పెట్టలేం. పాడటం కూడా తనే పెట్టుకున్నాడు, అక్కడే తేడా కొట్టింది. పాటలున్న చోట దాటేసి వాయిద్యాలే ఉన్నవి వింటాను. కీబోర్డులు వాయించే ప్యాట్రిక్ మొరాజ్ ఆల్బమ్‌లో బ్రెజిల్ తాళవాద్యాల హోరు బాగుంటుంది. డ్రమ్మర్ అలన్ వైట్‌ది ఒకసారి వింటే చాలు.

'రిలేయర్' నాటికే బయటికి వెళ్లిపోయిన, మొరాజ్‌కు ముందు కీబోర్డులు వాయించిన రిక్ వేక్‌మన్ సంగతి వేరు. 1974 జనవరిలో రాయల్ ఫెస్టివల్ హాల్‌లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేసిన 'జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్' బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. కీబోర్డులు ఇప్పటికీ భలే. మధ్యలో కథ చెప్పే గొంతే నాలుగోసారికి విసుగు పుట్టిస్తుంది.

మొరాజ్ తప్ప వీళ్లంతా కలిస్తే ఏమవుతుందో వినాలంటే 1973 నాటి లైవ్ ఆల్బమ్ 'యెస్‌సాంగ్స్' ఉంది. అప్పట్లో మూడు ఎల్పీల సెట్. శబ్దం మసకగా, డ్రమ్స్ పక్క గదిలోంచి వస్తున్నట్టు ఉంటాయి. అయినా 'యువర్స్ ఈజ్ నో డిస్‌గ్రేస్'లో హౌ గిటార్ స్టూడియో రికార్డులో కన్నా చాలా పదునుగా ఉంటుంది. 1972లో బ్రూఫర్డ్ వెళ్లిపోగానే, అలన్ వైట్ మూడు రోజుల్లో ఆ పాటలన్నీ నేర్చుకుని టూర్‌కి దిగాడు. అది తెలిసి వింటే సోలో ఆల్బమ్‌తో అతన్ని అంచనా వేయాలనిపించదు.

శబ్దం శుభ్రంగా కావాలంటే 1972 కచేరీలతో 2015లో వచ్చిన 'ప్రొజెనీ' తీసుకోండి. పెద్ద పెట్టెలో 14 సీడీలు, ఏడు కచేరీలు. ఏడింటిలోనూ దాదాపు అవే పాటలు కాబట్టి, వీరాభిమాని కానివాళ్లకు రెండు సీడీల హైలైట్స్ సరిపోతుంది.