కడపలో పెద్దవాళ్ల తై చీ తరగతి: శిక్షణ మేలు, నెల గడువు చాలదు

కడప పట్టణంలోని ఒక పార్కులో, ఎండ ముదరక ముందే ముగిసేలా, ఉదయం ఆరు గంటలకు అరవై దాటినవారి కోసం నడుపుతున్న తై చీ (నెమ్మదైన కదలికలతో సాగే చైనా వ్యాయామం) తరగతిలో మా అమ్మను చేర్పించాము. మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేకపోవడం వల్ల ఆమెకు యోగా తరగతి కుదరలేదు. తై చీ సాధన అంతా నిలబడే సాగుతుంది. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుంటే చాలు.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చింది అడుగు వేయడం నేర్పే తీరు. బరువు మొత్తాన్ని ఒక కాలి మీదికి చేర్చి, బరువు లేని రెండో కాలిని ఎత్తి, ముందుగా మడమను నేలకు తాకించి, కాలు కుదురుకున్న తరువాతనే దాని మీదికి నెమ్మదిగా ఒరగడమనే ఒక్క పనికే తొలి వారాలను కేటాయిస్తారు. "అవ్వా, బరువంతా ఎడమ కాలి మీదికి పోయినాకనే కుడి కాలు ఎత్తల్ల" అని శిక్షకుడు ఎన్నిసార్లైనా విసుగు లేకుండా చెబుతాడు. పాదం ఈడ్చి నడిచే పెద్దలకు నీళ్లు పడితే జారే కడప బండల నేల, పాత ఇళ్లలోని ఎత్తైన గడపలు రెండూ ప్రమాదమే కాబట్టి, ఈ పాఠం నేరుగా ఇంట్లో పనికివచ్చేది. అమ్మ ఇప్పుడు గోడ పట్టుకోకుండా గడప దాటుతోంది. వెనక్కి తిరగాలంటే ఒక్కసారిగా ఒళ్లు తిప్పకుండా చిన్న అడుగులు మార్చుకుంటోంది. ఆ మధ్యనే కళ్లద్దాలు కూడా మార్చాము కనుక ఈ మార్పునంతా తై చీ ఖాతాలో వేయలేను.

నా అభ్యంతరం నెలవారీ బ్యాచ్‌ల మీద. అమెరికాలోని ఒరెగాన్‌లో, అంతకుముందు పడినవారో, నడకలో ఇబ్బంది ఉన్నవారో అయిన 70 ఏళ్లు, ఆపైబడిన 670 మందితో జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో, నడక నిలకడకు అనువుగా మలచిన తై చీని వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు చేసినవారు పడిపోవడం, ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవారితో పోలిస్తే 58 శాతం, పలురకాల వ్యాయామాలు కలిపి చేసినవారితో పోలిస్తే 31 శాతం తక్కువగా ఉంది. ఆ ఫలితం దాదాపు ఆరు నెలల సాధనది. ఇక్కడేమో ఒకటో తారీఖు రాగానే కొత్తవారితో పాటు పాతవారూ మొదటి కదలికకే తిరిగి రావాలి.

పైగా నెలాఖరులో, 1956లో చైనాలో కుదించి రూపొందించిన 24 కదలికల వరుసను హడావిడిగా పూర్తి చేయిస్తారు. అందులో ఒక మోకాలిని బాగా వంచి, మరో కాలిని పక్కకు చాచి కిందికి దిగే కదలిక ఒకటి ఉంది. అరిగిన మోకాళ్లకు అది ఎందుకో నాకు అర్థం కాలేదు. చేరేటప్పుడు నడకను పరీక్షించే పద్ధతి కూడా లేదు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉందని భావించే తేలికైన పరీక్షకు ఒక కుర్చీ, ఒక గడియారం చాలు.

తల తిరుగుడు, షుగరు వల్ల పాదాల తిమ్మిరి ఉన్నవారు ముందు వైద్యుణ్ని కలవాలి. ఆసరా లేకుండా నిలబడగలిగిన మిగతావారు నిస్సందేహంగా చేరవచ్చు. అయితే రెండో నెల నుంచి పాతవారిని వేరే వరుసలో నిలబెట్టమని నోరు తెరిచి అడగాలి, అడిగితే కాదనరు.