షీటు 4 వేల దగ్గర మొదలైంది, నా బండి 3 వేల దగ్గర నడుస్తుంది

5.5 బీహెచ్‌పీ శక్తి పెరిగిందని ఒడిశాలోని మా జయపురంలో కనబడ్డ ప్రతివాడికీ ఫోన్ తీసి డైనో షీటు (బండి శక్తిని కొలిచే మెషీన్ ఇచ్చే కాగితం) చూపించినవాణ్ణి నేనే. కాబట్టి ఈ రాసేదాంట్లో సగం కోపం బండి ఇంజన్‌ని సర్దిన ట్యూనర్ మీదైతే మిగతా సగం నా మీదే.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, 2019 చివర్లో కొన్నది, ఇప్పటికి 58 వేల కిలోమీటర్లు తిరిగింది. దాని లెక్కలు అందరికీ నోటికొచ్చినవే, వదిలేస్తున్నా. 2021లో ఊరికే సరదాకి స్టాక్ బండిని (కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే) హైదరాబాద్‌లో డైనో ఎక్కిస్తే వెనక చక్రం దగ్గర 40.6 వచ్చింది. కంపెనీ చెప్పే 47 క్రాంక్ దగ్గరది, అంటే నేరుగా ఇంజన్ నుంచి వచ్చేది. గేర్లూ చైనూ టైరూ తినేది పోగా చక్రానికి ఆమాత్రమే చేరుతుంది, అందులో మోసమేం లేదు. మరుసటేడు బెంగళూరు దాకా వెళ్ళి ఫ్రీ ఫ్లో ఎయిర్ ఫిల్టర్, హెడర్ పైపుల నుంచి చివరిదాకా ఫుల్ సిస్టమ్ సైలెన్సర్, పిగ్గీబ్యాక్ ఈసీయూ (బండి కంప్యూటర్‌కి తగిలించే అదనపు పెట్టె) పెట్టించి, ఎప్పుడెంత పెట్రోల్ వెళ్ళాలో చెప్పే మ్యాప్ రాయించుకున్నా. ఖర్చెంతయిందో రాయను, మా ఆవిడ ఇది చదివే ప్రమాదం ఉంది. చేతికిచ్చిన కొత్త షీటు మీద 46.1.

మొదటి ఆరు నెలలు నిజంగానే గాల్లో తేలా. విశాఖ నుంచి బరంపురం వైపు నాలుగు లైన్ల రోడ్డు మీద 5,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాటాక బండి వెనక నుంచి ఎవరో తోసినట్టు వెళ్ళేది. ఆ శబ్దం సంగతి సరేసరి. అప్పట్లో ఎవరడిగినా కళ్ళు మూసుకుని పెట్టించుకోమన్నా. ఆ మాట నమ్మి పెట్టించుకున్నవాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరికీ తర్వాత ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పా.

మా అత్తగారి ఊరు సాలూరు. అంటే నెలకి ఒకటి రెండుసార్లు సుంకి ఘాట్ దిగడం, ఎక్కడం. 2022 డిసెంబర్‌లో ఒక ఆదివారం సాయంత్రం వెనక మా ఆవిడ, రెండు పక్కలా బ్యాగులు, ఒకదాంట్లో అత్తగారు కట్టిచ్చిన ఆవకాయ జాడీ, ఇంకో దాంట్లో బియ్యప్పిండో ఏదో. నా బరువే 92 కిలోలు. సాలూరు దాటి ఘాట్ మొదలయ్యాక లోడు లారీ ఒకటి ముందు పాకుతోంది, దాని వెనకే రెండో గేర్లో వెళ్తున్నా. ఒక మలుపు తర్వాత రోడ్డు కాస్త తెరుచుకుంది, మూడో గేర్ వేసి యాక్సిలరేటర్ తిప్పా. పాత బండి అయితే అక్కడ మాట్లాడకుండా ఎక్కేసేది, ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఈసారి శబ్దం వచ్చింది, బండి రాలేదు. మీటర్లో 3 వేలు, ముల్లు అక్కడే తచ్చాడుతోంది. లారీ సగం దాకా వెళ్ళాక ఎదురుగా బస్సు హెడ్‌లైటు. బ్రేకేసి మళ్ళీ లారీ వెనక్కొచ్చి దాక్కున్నా. మా ఆవిడ భుజం గట్టిగా పట్టుకుని కాసేపు ఏమీ అనలేదు. సుంకి దగ్గర టీకి ఆగాం, బొరా ఘుగుని (గారెలు, బఠాణీ కూర) తెచ్చుకున్నాం. అప్పుడంది, "అరుపే గానీ ఇది ఎక్కట్లేదేంటి? పాతదే నయం కదండీ."

చెడ్డ పెట్రోల్ అనుకున్నా. తర్వాత క్లచ్ అనుకున్నా, ప్లేట్లు చూపించా, బాగానే ఉన్నాయి. స్పార్క్ ప్లగ్గులు మార్పించా. చైన్ కొత్తదే. ఇలా రెండు నెలలు తిరిగి, అనుమానించాల్సిన ఒక్కదాన్ని వదిలేసి మిగతావన్నీ అనుమానించా.

మా వీధిలో ఒక మావయ్యగారున్నారు, సునాబెడ హెచ్‌ఏఎల్ ఇంజన్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. మిగ్ విమానాల ఇంజన్లు తయారయ్యే చోటు అది. ఒకరోజు ఆయనకి షీటు గర్వంగానే చూపించా. ఆయన 46.1 వైపు చూడనేలేదు. కళ్ళజోడు పైకెత్తి కాగితం మూల ఉన్న చిన్న అక్షరాలు చదివి, "ఏరా, ఆ రోజు గాలి ఎంత వేడి, ఒత్తిడి ఎంత? రెండో కాగితంలో కూడా ఇదే కరెక్షనా?" అని అడిగారు. నేను చూడలేదండి అన్నా. ఆయన ఇంకేమీ అనకుండా టీ తాగారు. ఆ టీ అయ్యేదాకా నాకు కూర్చోబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి రెండు షీట్లూ కిటికీ అద్దానికి ఎండ వైపు పెట్టి ఒకదానిమీద ఒకటి ఆనించి చూశా. హైదరాబాద్ షీటు మూల ఎస్ఏఈ అని ఉంది. బెంగళూరు దాని మీద ఎస్‌టీడీ. రెండూ కరెక్షన్లే, అంటే ఏ గాలిలో కొలిచినా అంకెను ఒక నిర్ణీత గాలికి సరిచేసే లెక్కలు. ఎస్ఏఈ లెక్క 25 డిగ్రీల వేడి, 990 మిల్లీబార్ల పొడి గాలికి సరిచేస్తుంది. ఎస్‌టీడీ అయితే 15.5 డిగ్రీల చల్లని రోజు, సముద్ర మట్టం. చల్లని గాలి చిక్కన కాబట్టి అదే బండి అదే పూట ఎస్‌టీడీలో దాదాపు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. 46.1ని ఎస్ఏఈలోకి దింపితే 44.3. నేను ఊరంతా చాటిన 5.5 కాస్తా 3.7 అయింది, అదీ రెండు వేర్వేరు మెషీన్లు ఒకేలా కొలుస్తాయని నమ్మితే. టైర్లో గాలి, బండిని కట్టే పట్టీల బిగువు, ఇంజన్ ఎంత వేడెక్కి ఉంది, ఏ గేర్లో లాగారు, ఇవన్నీ అంకెను అటూ ఇటూ జరిపేవే.

కరెక్షన్ అనేది మోసమని నేననట్లేదు. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, అక్కడి పల్చటి గాలిలో ఇంజన్ నిజంగా ఇచ్చేదానికి సాఫ్ట్‌వేర్ 10 శాతానికి పైగానే కలుపుతుంది. అలా కలపకపోతే తీరంలో కొలిచిన బండితో పోల్చడం కుదరదు. కాకపోతే మా కొరాపుట్ కూడా దాదాపు అంతే ఎత్తు, షీటు మీద కలిపిన ఆ పది శాతాన్ని పొట్టంగి దగ్గర రోడ్డు మీద ఎవరూ కలిపివ్వరు.

నన్ను అసలు మండించింది కరెక్షన్ కాదు, ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత శక్తో చూపించే గీత. పాత షీటులో గీత 2,500 దగ్గర మొదలైంది. కొత్తదాంట్లో 4 వేల దగ్గర. అంటే నేను ఘాట్‌లో రోజంతా ఉండే 2,500 నుంచి 4 వేల మధ్య భాగం ఆ కాగితంలో లేనేలేదు! పైగా నిలువు కొలత కూడా వేరు, కొత్తదాంట్లో చిన్న గుట్టను కొండలా సాగదీశారు. ట్యూనర్‌కి ఫోన్ చేస్తే, "అన్నా, 4 వేల కింద ఎవరు నడుపుతారన్నా?" అన్నాడు. మూడో గేర్లో 3 వేలంటే మన బండి 48 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. సుంకిలో లారీని దాటే వేగం అదే. 7 వేల దగ్గర వచ్చే శిఖరాన్ని నేను నెలకి ఎన్నిసార్లు చూస్తానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మూడోసారి వేరే చోటికి వెళ్ళా. ఈసారి బ్రేక్ ఉన్న డైనో. డ్రమ్ము ఎంత త్వరగా తిరిగిందో చూసి లెక్కగట్టే రకంలో బండిని ఒక వేగం దగ్గర నిలబెట్టడం కుదరదు. ఇందులో మాత్రం 3 వేల దగ్గర లోడు పెట్టి ఆపొచ్చు, అచ్చం ఘాట్ ఎక్కుతున్నట్టే. స్టాక్ పైపులు, సైలెన్సర్లు రెండూ వెనక సీటుకి కట్టుకుని వెళ్ళా, దారిలో ధాబాల దగ్గర అందరూ వాటి రేటు అడిగినవాళ్ళే. అదే రోజు, అదే మెషీన్, అదే ఎస్ఏఈ, 2 వేల నుంచి లాగమని ముందే చెప్పా. పైపులు విప్పి బిగించడానికే పూటంతా పట్టింది, కుర్రాళ్ళకి టిఫిన్లు నావే.

అంతా స్టాక్‌గా ఉన్నప్పుడు 40.2. ఫుల్ సిస్టమ్‌తో 43.4. అంటే పైన పెరిగింది 3.2. ఇక 3,200 ఆర్‌పీఎం దగ్గర స్టాక్ 41 ఎన్‌ఎం టార్క్ (తిప్పే బలం) ఇస్తే ఫుల్ సిస్టమ్ ఇచ్చింది 35. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 7,121తో భాగిస్తే బీహెచ్‌పీ వస్తుంది కదా, వేసి చూడండి, అక్కడ పోయింది 2.7. నెలకి నాలుగుసార్లు చూసే చోట మూడు తెచ్చుకుని, రోజూ ఉండే చోట దాదాపు అంతే పోగొట్టుకున్నా.

అక్కడి మెకానిక్ విప్పి చెప్పినదాన్ని బట్టి మ్యాప్ తప్పేమీ లేదు. లావు పైపుల్లో తక్కువ ఆర్‌పీఎం దగ్గర పొగ నెమ్మదిగా కదులుతుంది, పైపు చివర తగిలి వెనక్కొచ్చే ఒత్తిడి అల సరిగ్గా రెండు వాల్వులూ తెరిచి ఉండే క్షణానికి చేరితే కాలిన పొగ మళ్ళీ సిలిండర్లోకే వస్తుంది. లోపలికి మంచి గాలే రానప్పుడు పెట్రోల్ ఎంత సర్దినా ఆ గుంట పూడదు. ఇదే అల పై ఆర్‌పీఎంలో మేలు చేస్తుంది, అందుకే పైన ఆ 3.2.

చివరికి స్టాక్ పైపులు తిరిగి బిగించి, ఫిల్టర్, పిగ్గీబ్యాక్ ఉంచి కొత్తగా మ్యాప్ రాయించా. పైన 41.5, 3,200 దగ్గర 42. కాగితం మీద చూస్తే నవ్వొచ్చే తేడా. ఘాట్‌లో మాత్రం పాత బండి తిరిగొచ్చింది, యాక్సిలరేటర్ కొంచెం మెత్తబడింది కూడా. పిగ్గీబ్యాక్‌ని మొదట్లో ఎంత పొగిడానో ఇప్పుడంత పొగడను. ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక ఫుల్ థ్రాటిల్‌లో మిశ్రమం పల్చబడిందనిపించి ఆ మ్యాప్ మళ్ళీ సరిచేయించాల్సి వచ్చింది, స్టాక్‌లో ఉంటే ఆ తలనొప్పి ఉండేదా అని అప్పుడప్పుడూ అనుకుంటా. మా బావమరిది హిమాలయన్ 411తో ఇదే ఘాట్ ఎక్కుతాడు. కంపెనీ లెక్కలో 24.3 బీహెచ్‌పీయే, కానీ 32 ఎన్‌ఎం 4 వేల చుట్టుపక్కలే దొరుకుతుంది. వాడు ఏ డైనో ఎక్కలేదు, నన్ను చూసి నవ్వడం ఒక్కటే వాడి పని.

మీది చదునైన రోడ్డయితే, ఒక్కరే తిరిగితే, 5 వేల పైన ఎక్కువసేపు ఉండేవారైతే ఫుల్ సిస్టమ్ మీకు నచ్చొచ్చు, బరంపురం దారిలో నాకూ నచ్చింది. షీటు తీసుకునేటప్పుడు మాత్రం గీత ఎక్కడ మొదలైందో చూడండి, మార్పులకి ముందూ తర్వాతా ఒకే మెషీన్ మీద ఒకే రోజు లాగించండి.

ఆ ఫుల్ సిస్టమ్ మా అటక మీద గోనె సంచిలో చుట్టి ఉంది. రాయగడ నుంచి ఒకాయన రేటడిగారు, ఇంకా చెప్పలేదు. ఆ శబ్దం గుర్తొస్తుంది మరి.