ఒక్క రోజే ఉంటే: శ్రీముఖలింగమా, విజయనగరం కోటా?

విశాఖ దాకా వచ్చే బంధువులు అరకు, భీమిలి చూసుకుని తిరుగు రైలెక్కేస్తారు. ఎవరైనా ఒకరు "మీ వైపు చరిత్ర ఉన్న ఊరేదైనా చూపించండి" అన్నారంటే మా విజయనగరం ఇంట్లో రెండు జట్లు తయారవుతాయి. కోట అంటుంది ఒక జట్టు, ముఖలింగం అంటుంది ఇంకొకటి. రెండూ ఒకప్పటి రాజధానులే. రెంటికీ మధ్య శతాబ్దాల ఎడం.

ప్రయాణం మాట ముందే తేల్చేద్దాం. విజయనగరం హౌరా–చెన్నై రైలు మార్గంలోనే ఉంది. స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే కోట ఎంతో దూరం కాదు. ముఖలింగం శ్రీకాకుళానికి నలభై అయిదు కిలోమీటర్ల పైమాటే, వంశధార ఒడ్డున. బస్సును నమ్ముకుంటే పూట గడిచిపోతుంది, కారు మాట్లాడుకోవడమే మంచిది.

ఈ ఊరి రాజులైన పూసపాటి వారు కుమిలి విడిచి వచ్చి 1713లో విజయనగరం కోట కట్టారు. చతురస్రపు కోట, మూలమూలనా బురుజులు, బయట కందకం. లోపల 1869 నాటి మోతీమహల్ ఉండేది, 2020లో కూల్చేశారు. అయితే లోపల ఇప్పుడు కళాశాలలు నడుస్తున్నాయి. దర్బారు వైభవం ఊహించుకుంటూ వెళ్లినవారికి ముందుగా ఎదురయ్యేది విద్యార్థుల బళ్ల వరుస! నాకైతే ఈ ఊరి సంపద గోడల బయటే ఎక్కువగా కనిపిస్తుంది. 1919లో మొదలైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. గురజాడ వారి ఇల్లు ఇక్కడే ఉంది. 'కన్యాశుల్కం' తొలిసారి 1892లో ఈ ఊళ్లోనే ఆడింది. అంటే ఇక్కడ చూడవలసినదానికంటే తెలుసుకుని వచ్చి తలచుకోవలసినదే ఎక్కువ.

ముఖలింగం తీరు వేరు. తూర్పు గాంగ వంశపు రాజుల కళింగనగరం ఇదేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్న అనంతవర్మ చోడగంగుడు 1078లో గద్దెనెక్కినప్పుడు గాంగుల రాజధాని ఇదే. తర్వాత ఆయనే రాజధానిని కటకానికి (నేటి ఒడిశాలోని కటక్) మార్చాడు. కోట గోడలు, రాజభవనాలు వెతకకండి, కనిపించవు. మిగిలినవి గుళ్లు: మధుకేశ్వరం, భీమేశ్వరం, సోమేశ్వరం. భీమేశ్వరం బాగా అరిగిపోయింది, త్వరగా చూసి వచ్చేయవచ్చు. సోమేశ్వరానికి ముఖమండపం లేదు. శిఖరం ఒక్కటే నిటారుగా లేచి ఉంటుంది, చూడగానే భువనేశ్వర్ గుర్తుకొస్తుంది.

సమయమంతా మధుకేశ్వరంలో ఖర్చు పెట్టండి. ద్వారబంధాల మీది లతలు, గోడల్లోని దేవతామూర్తులు, రాళ్ల మీది శాసనాలు ఒక పట్టాన కదలనివ్వవు. దగ్గర్లోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి ఈ శాసనాలను చదవడం సొంతంగా నేర్చుకున్నారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషికి పాత లిపుల మీద అంత మక్కువ ఏమిటా అని ముచ్చటేస్తుంది. గర్భగుడిలో లింగం వెనుక పెద్ద మట్టి గోలెం ఉంటుంది. అది ఆ గుమ్మంలోంచి ఎలా లోపలికి వెళ్లిందని అర్చకులను అడిగితే ఒక కుమ్మరి భక్తుడి కథ చెబుతారు. కథ నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. అడగకుండా మాత్రం రావద్దు.

విజయనగరంలో ఉంటూ ఈ మాట అంటే మా పెదనాన్న ఊరుకోరు గానీ, ఒక్కటే చూడాలంటే నా ఓటు ముఖలింగానికే. అది చెప్పే చరిత్ర అక్కడి రాతిలోనే కంటికి కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు వెంట ఉన్నా, సాయంత్రం రైలు అందుకోవాలన్నా విజయనగరమే మేలు. దసరా తర్వాతి మంగళవారం జరిగే పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వస్తే ఇక బేరమే లేదు. గుడికీ కోటకూ మధ్య సిరిమాను (కొనన పూజారి కూర్చునే పొడవాటి మాను) మూడుసార్లు తిరుగుతుంటే కోట ఆ ఒక్క రోజుకు మళ్లీ రాజధాని అవుతుంది.

ముఖలింగానికి మహాశివరాత్రి రోజుల్లో బయలుదేరకండి. ఒడిశా నుంచి కూడా భక్తులు పోటెత్తుతారు. దర్శనమైతే దొరుకుతుంది గానీ శిల్పాల దగ్గర నిలబడనివ్వరు. మామూలు రోజున, పెందలాడే వెళ్లండి.