లక్నవరం: వంతెన సరే, బోటెక్కడం మానకండి

ములుగు జిల్లాలోని లక్నవరం చెరువుకు వచ్చినవాళ్లలో చాలామంది తీగల వంతెన మీద సెల్ఫీ దిగి, అవతలి దీవిలో భోంచేసి బండెక్కేస్తారు. వంతెన బాగానే ఉంటుంది గానీ ఆదివారం దాని మీద నడవడం సంత నడుమ నడవడమే. నేను ఐదుకు మూడిస్తాను. బోటుకైతే నాలుగు.

ఎందుకంటే మనిషి కాపురం లేని దీవుల్ని దగ్గరగా చూసేది బోటులోంచే. 13వ శతాబ్దంలో కాకతీయులు గుట్టల మధ్య సందులకు కట్ట పోస్తే నిండిన చెరువు ఇది. దీవులంటే మునగకుండా మిగిలిన గుట్టల తలలే. స్పీడ్ బోటు వద్దు, అది చూపు నిలవనివ్వదు. నింపాదిగా పోయే పెద్ద బోటు ఎక్కండి. మేం వెళ్లినప్పుడు నీళ్లు కాస్త దిగి ఉన్నాయి. ప్రతి దీవి చుట్టూ గడ్డి మొలవని ఎర్రమట్టి అంచు, దాని మీద గాలికి తేలిన చెట్ల వేళ్లు. ఒక ఎండుమోడు మీద నీటికాకులు రెక్కలు చాపుకుని ఆరబెట్టుకుంటున్నాయి.

మొత్తం పదమూడు దీవులని చెబుతుంటారు. మా చిన్నబాపుకు ఈ చెరువు కిందే పొలం. ఆయన ఒప్పుకోలేదు. "గది నిండినప్పటి లెక్క బిడ్డా. నీళ్లు దిగితే ఇంకో రెండు లేస్తయి, గా మూలకున్నది ఒడ్డుకు అంటుకుంటది" అన్నాడు. వంతెనల వైపు ఆయన చూడనే లేదు. నిండిన నీళ్లు పొర్లే మత్తడికి ఎంత తక్కువుందో, యాసంగి (రబీ) పంటకు తూము ఎప్పుడు తెరుస్తారో, అదే ధ్యాస.

ఇక చిరాకులు. మా బోటులో ఒక గుంపు బ్లూటూత్ స్పీకర్ ఆపితే ఒట్టు. పిట్టలు ముందే లేచిపోయాయి. కట్ట మీద ఒక బండి దగ్గర కొన్న మొక్కజొన్న కంకి రబ్బరే, పైగా ధర అడక్కండి.

వానలు వెనకబట్టాక, పని రోజున, పొద్దున్నే రండి. ములుగు దాటాక చల్వాయి దగ్గర తిరగాలి. రామప్ప గుడి కూడా అదే రోజు కుదురుతుంది, దాన్ని సాయంత్రానికి పెట్టుకోండి. మేడారం జాతర రోజుల్లో మాత్రం ఈ రోడ్డు జోలికి రావద్దు, ట్రాఫిక్‌లోనే తెల్లారిపోతుంది.