రొయ్యల ఎగుమతికి ఒకే పెద్ద మార్కెట్టా, పలు మార్కెట్లా: ఏది మేలు?

2025 ఆగస్టులో అమెరికా భారత సరకుపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పటి నుంచి పాఠకులు ఈ ప్రశ్నే పదే పదే అడుగుతున్నారు.

ఒకే పెద్ద మార్కెట్‌ను నమ్ముకోవడంలో లాభం లేకపోలేదు. ఆర్డర్లు పెద్దవి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ముందే ఖరారవుతుంది, ప్లాంటులో యంత్రాలూ ప్యాకింగూ ఒకే పద్ధతిలో సాగడం వల్ల కిలోకు పడే ఖర్చు తగ్గుతుంది. అయితే గిరాకీ ఒక్క ప్రకటనతో పడిపోగలదు గానీ సరఫరా అంత త్వరగా తగ్గదు. చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్య పట్టుబడికి మూడు నాలుగు నెలలు పడుతుంది కనుక, చెరువులో రొయ్య పిల్లలను వదిలిన నాటి ధరను బట్టి వేసుకున్న లెక్క పట్టుబడి నాటికి తారుమారు కావచ్చు. ధర లేదని చెరువులోనే ఉంచితే మేత ఖర్చుతో పాటు వ్యాధి భయమూ పెరుగుతుంది.

అందుకే పలు మార్కెట్లే మేలని నా అభిప్రాయం. కానీ దేశాల సంఖ్య పెరిగినంత మాత్రాన భద్రత రాదు. సరకును ఏ రూపంలో తయారుచేస్తున్నామన్నదే అసలు నిర్ణాయకం. అమెరికా ఎక్కువగా తల తీసి, పొట్టు ఒలిచి, నరం తీసిన రొయ్యను కొంటుంది. చైనాకు ప్రధానంగా తలతో ఉన్న రొయ్య వెళ్తుంది. జపాన్ కొనే రకాల్లో వేపుడు కోసం వంపు పోయేలా పొడవుగా సాగదీసిన రొయ్య ఒకటి. ఆ పనికి చేయి తిరిగిన కార్మికులు కావాలి. ఒక దేశం కోసం ఒలిచిన సరకును మరో దేశానికి మళ్లించాలంటే, అక్కడ దానికి కొనుగోలుదారు దొరకాలి.

ఇతర దేశాల అనుభవమూ ఇదే. 2014 ఆగస్టులో రష్యా దిగుమతిని నిషేధించినా, నార్వే సాల్మన్ చేపను ఎక్కువగా తాజాగా, పొట్ట శుభ్రం చేసి పంపేది కాబట్టి ఇతర దేశాలకు త్వరగానే మళ్లించగలిగింది. ఆ ఏడాది దాని సముద్రోత్పత్తుల ఎగుమతి విలువ పెరిగింది కూడా. 2023 ఆగస్టులో చైనా నిషేధంతో జపాన్ స్కాలప్ (ఒక రకం ఆల్చిప్ప) వ్యాపారం మాత్రం చిక్కుల్లో పడింది. చైనా కొనుగోలుదారుగానే కాక, చిప్ప ఒలిచే పనికి కూడా ఆధారంగా ఉండడంతో, నిషేధం పడగానే గిరాకీతో పాటు ఒలిచే చేతులూ పోయాయి.

ఐరోపా సమాఖ్య మంచి ప్రత్యామ్నాయమే గానీ, యాంటీబయోటిక్ అవశేషాల పరీక్షలకు చెరువు దశ నుంచే సిద్ధపడాలి. శీతల గిడ్డంగిలో నిల్వ ఉంచి ధర కోసం ఎదురుచూడడం వడ్డీ, కరెంటు బిల్లుల వల్ల ఎక్కువ కాలం సాగదు. దేశీయ మార్కెట్ చిన్న సైజు రొయ్యకు కొంత ఆసరా.

కొత్త దేశంలో కొనుగోలుదారును వెతకడానికి ముందు, అదే ప్లాంటులో ఒలిచిన రొయ్యతో పాటు తలతో ఉన్నదానినీ, ఉడికించినదానినీ సిద్ధం చేయగల ఏర్పాటుకు పెట్టుబడి పెట్టడం మంచిది.